సముద్రాన్ని తిరగేసి చూసిన లక్ష్మీరాజం మామ

ఈ రోజు నక్సలైట్ అన్నలు బంద్ అన్నారు. సిరిసిల్లలో ఒక్క మరమగ్గం చప్పుడు కూడా లేదు. పక్కింటి నేత కార్మికుడు లక్ష్మీరాజం మామ ఏమీ తోచక మా ఇంటికి వచ్చాడు.

నిన్న కరీంనగర్‌లో కొన్న సముద్రతీరం పెయింటింగ్ ఇంకా గోడకు తగిలించలేదు. తడి ఇసుకలో పడవ నీడ కూడా కనిపించేంత అచ్చంగా వేసిన బొమ్మ. మురిసిపోతూ చేతికిస్తే, మామ వెంటనే తిరగేసి, వెనక గుడ్డను బొటనవేలితో రుద్దాడు.

"నూలు మంచిదే సారూ."

నాకు చిర్రెత్తింది. "గటు గాదు మామా, ముంగట చూడు" అన్నాను.

తిప్పి చాలాసేపు చూశాడు. "గీ అలలల్ల ఒక్కదాని లెక్క ఇంకోటి లేదు. మేం గిట్ల నేస్తే సేటు బట్ట వాపస్ ఇస్తడు" అన్నాడు. ఆ తర్వాత చాయ్ చల్లారినా బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

ఆ చిత్రకారుడికి ఇంతకంటే మంచి మెప్పు దొరకదేమో.

మేమిద్దరం సముద్రం చూడలేదు. చూసినవాళ్లు చెప్పండి, అక్కడ నిజంగానే ఏ రెండు అలలూ ఒకేలా ఉండవా? ఉంటే మాత్రం మామకు చెప్పకండి. రేపు మగ్గాలు నడుస్తాయి, అయినా పనికి పోయే ముందు ఒకసారి చూసి పోతానన్నాడు.