ఇన్‌స్పెక్టర్ ఆపేసిన నెట్

ఆ అమ్మాయిని ఇంటా బయటా అందరూ ఇన్‌స్పెక్టర్ అనేవాళ్ళు. పోలీసు ఉద్యోగం చేస్తోందని కాదు, ఒట్టి అనుమానాల పుట్ట కాబట్టి. చిన్నప్పుడు పాలగ్లాసు ఇస్తే వాసన చూడందే తాగేది కాదు. దాగుడుమూతలాటలో కళ్ళు మూసుకున్నవాళ్ళ వేళ్ళ సందులు పరీక్షించేది. పెద్దయ్యాక ఈ గుణం తగ్గుతుందిలే అని వాళ్ళమ్మ ఆశపడింది. తగ్గకపోగా ఇప్పుడు దానికి డిగ్రీ కూడా తోడవబోతోంది.

యూనివర్సిటీలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో చేరేటప్పుడూ అంతే. ఈ చదువు చదివితే ఉద్యోగం ఖాయమంటూ గోడ నిండా పాత విద్యార్థుల ఫోటోలు పెట్టారు. మిగతా పిల్లలు అవి చూసి మురిసిపోతుంటే, ఈవిడ వాళ్ళలో ఇద్దరి ఆచూకీ తీసి, "నిజంగా పనిచేస్తున్నారా, ఊరికే ఫోటోకి నిలబడ్డారా?" అని నిలదీసింది. ఒకాయన బ్యాంకు శాఖల మధ్య నెట్‌వర్క్ చూసుకుంటున్నాడు. ఇంకొకామె విమానాశ్రయంలో ఉంది. ఇద్దరూ నిజం చెబుతున్నారని తేలాకే చేరింది.

లెక్చరరుకి మాత్రం ఈ పిల్లంటే ముచ్చట. "నెట్‌వర్క్ లోపలికొచ్చే ప్రతివాడూ దొంగే అనుకోండి, కాదని తేలేదాకా. కేబుల్ బిగించడం ఎవరికైనా నేర్పొచ్చు, అనుమానపడటం నేర్పలేం. నీకది పుట్టుకతోనే వచ్చిందమ్మా, ఎక్కడికెళ్ళినా బతికేస్తావు" అన్నాడొకసారి క్లాసులో. పుట్టి బుద్ధెరిగాక తన అనుమానాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి పెద్దాస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. కంగారుగా ఫోన్ చేసినవాళ్ళు ఆమె "చెప్పండి" అన్న తీరుకే సగం కుదుటపడేవాళ్ళు. తర్వాత అక్కడ మిషను పెట్టారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని అదే చెబుతుంది. తల్లి ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచి దుమ్ము లేని బల్లలు తుడుస్తోంది. "ఆ మిషను పెట్టింది మీ చదువు చదివినవాళ్ళేనటే" అని ఒకసారి మామూలుగానే అంది. కూతురికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఈమధ్య తల్లి వాలకం మారింది. మధ్యాహ్నం పూట మంచి బట్టలు కట్టుకుంటోంది. గది తలుపు మూసుకుని ఎవరితోనో తియ్యగా మాట్లాడుతోంది. కూతురి అడుగుల చప్పుడు వింటే టక్కున ఆపేస్తోంది. పైవాటాలో ఉండే టైలరమ్మ ఏదో గుడ్డలో చుట్టుకుని రావడం, ఖాళీ చేతులతో వెళ్ళడం. వీటన్నిటికీ తోడు ఇంటి వైఫైలో కొత్త పరికరం ఒకటి కనబడసాగింది. రోజూ మధ్యాహ్నమే.

"అమ్మా, మన పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావా?"

"నేనెవరికిస్తానే? నాకే గుర్తుండదు."

ఈ మాట అంటూ తల్లి మొహం తిప్పుకుంది. ఇంకేం కావాలి? ఎవరో అమ్మని మాటల్లో పెట్టి ఇంట్లోకి దారి చేసుకుంటున్నారని ఇన్‌స్పెక్టర్ ఖాయం చేసుకుంది. నోట్లో నాలుక లేని మనిషి, ఏ మోసగాడి బుట్టలోనైనా పడుతుంది. భయం వేసింది, కోపమూ వచ్చింది.

మర్నాడు ల్యాబ్‌లో ఫోన్ తెరిచి, ఎక్కణ్ణుంచైనా ఇంటి వైఫైని చూపించే యాప్‌లో చూస్తే ఆ పరికరం మళ్ళీ లోపలే ఉంది. ఒక్క నొక్కు నొక్కింది. దానికి నెట్ తెగిపోయింది. వెంటనే లెక్చరరుకి చూపించింది. "శభాష్! ఊళ్ళో ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు శిక్షణకి పిల్లల్ని పంపమన్నారు, నీ పేరు ఇస్తాను" అన్నాడాయన. గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది.

ఇంట్లో తల్లి మంచి బట్టల్లో, చక్కగా దువ్వుకున్న తలతో కుర్చీలో కూర్చుని నేలచూపులు చూస్తోంది. ఒళ్ళో టైలరమ్మ ట్యాబ్ ఉంది. పక్కన టైలరమ్మ ఓదారుస్తోంది.

"ఏమైంది పిన్నీ?"

"మీ అమ్మకి ఇంటర్వ్యూ అమ్మా, మన ఊళ్ళో ఇంటర్నెట్ కంపెనీలో. నెట్ రావట్లేదని ఫోన్ చేసేవాళ్ళతో మాట్లాడే ఉద్యోగం. ఇన్నాళ్ళూ తలుపేసుకుని అదే సాధన. తన ఫోన్లో కెమెరా పోయిందని నా ట్యాబ్ ఇచ్చా. సగంలో ఉండగా ఠక్కున ఆగిపోయింది."

"నేనే ఏదో నొక్కేసుంటాను" అంది తల్లి. "మిషన్లకీ నాకూ పడదే. రేపు మళ్ళీ కూర్చోమన్నారు. నా వల్ల కాదు, రానని చెప్పేస్తాను."

తను నెట్ తెంచింది ఆ ట్యాబ్‌కే. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అమ్మ ఇక ఆ కుర్చీలోనే ఉండిపోతుంది, తనకేమీ చేతకాదని నమ్మేసి.

"నువ్వు కాదమ్మా. నేనే ఆపేశాను, ల్యాబ్‌లోంచి. ఎవరో దొంగ అనుకున్నా. మా సార్ మెచ్చుకుని, ఆ కంపెనీకే శిక్షణకి నా పేరు ఇస్తానన్నారు కూడా. నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ కంపెనీ ఉందా, మోసమా, నిన్నే ఎందుకు పిలిచారు అని వంద ప్రశ్నలేస్తావు. నీకు జవాబులు చెప్పేసరికి నాకున్న కాస్త ధైర్యం కూడా పోతుంది."

కూతురు ఫోన్ తీసి ట్యాబ్‌కి పెట్టిన అడ్డు తీసేసింది. కాసేపటికి తల్లి లేచి మొహం కడుక్కుంది. రానని చెప్పే ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు కూతురు ఇంట్లోనే ఉంటానంది. తల్లి వినలేదు, బలవంతాన క్లాసుకి పంపేసింది. ల్యాబ్‌లో కూర్చున్నదన్న మాటే గానీ మనసు మనసులో లేదు. ఫోన్ తెరిచి చూసింది. నిన్ననే అడ్డు తీసేసింది, అయినా ట్యాబ్ లోపల లేదు. చాలాసేపు చూసింది. ఎంతకీ రాలేదు. ఇంక ఉండబట్టలేక ఇంటికి పరిగెత్తింది.

పైవాటా మెట్ల మీంచి నవ్వుతూ దిగుతోంది తల్లి.

"ఇంటర్వ్యూకి కూర్చోలేదా?"

"పిన్ని గదిలో కూర్చున్నా, ఆవిడ ఫోన్ నెట్‌తో. ఎందుకైనా మంచిదని."

తనని అనుమానించింది. కన్నతల్లి! ఇన్నేళ్ళూ తను అందరినీ పెట్టిన బాధ ఇదేనా అనిపించి ఆ పిల్లకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఉద్యోగం ఇచ్చేశారే" అంది తల్లి. "ఉన్నట్టుండి నెట్ ఆగిందని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు ఏమడుగుతారు అన్నారు. ఇంట్లో నెట్‌వర్కింగ్ చదివే పిల్లలున్నారా అని అడుగుతానన్నా. వాళ్ళు ఒకటే నవ్వు."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "నా పేరు చెప్పావా?"

"ఎందుకు చెబుతానే? రేపు శిక్షణకి నువ్వూ అక్కడికే రావాలిగా."