బొట్టు కింద స్క్రూ

మేముంటున్న విదేశీ ఊరు క్రాన్‌బర్న్ చలిలో మా ఇంటి హీటింగ్ పంపు పోయింది. బాయిలర్‌లోని వేడినీళ్లను గదుల్లోని రేడియేటర్లకు తోసేది అదే. నిన్న ప్లంబర్ కొత్త పంపు బిగించి వెళ్లాడు. కొత్త మెషీన్ కదా అని నేను దానికి పసుపు రాసి, సరిగ్గా మధ్యలో నిండుగా కుంకుమ బొట్టు పెట్టాను.

ఈ ఉదయం చూస్తే పంపు తిరుగుతోంది, రేడియేటర్లు మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయి. ప్లంబరేమో సోమవారం దాకా రాలేనన్నాడు. మా ఆవిడ శైలజ డాక్టర్. డ్యూటీ నుంచి వస్తూనే మెడలోని స్టెతస్కోప్ తీసి పంపు మీద పెట్టింది. నేను నవ్వబోయాను.

"ఉష్! మోటార్ ఈజ్ ఫైన్ అండీ. లోపల గాలి పట్టేసింది, గుడగుడమంటోంది. ఎయిర్ వదలడానికి స్క్రూ ఏదైనా ఉందేమో చూశారా?"

"అంతా వెతికాను, లేదు."

"ఆ బొట్టు తుడవండి."

"శనివారం పూట బొట్టు తుడవడమేంటి?"

"చలికి చస్తున్నాం, తుడవండి!"

స్క్రూ దాని కిందే ఉంది. పంపు ఆపి కాస్త వదులు చేయగానే గాలి బుస్సుమంది, వెనకే ఎర్రటి కుంకుమ నీళ్లు. బిగించి ఆన్ చేశాక శైలజ స్టెతస్కోప్ నా చెవుల్లో పెట్టింది. గుడగుడ లేదు, ఏరు పారుతున్నట్టు ఒకటే హోరు. హాల్లో రేడియేటర్ మీద పెట్టి విన్నాను. అక్కడా అదే ఏరు. ఇన్నేళ్లూ ఇది నా గోడల్లోనే పారుతోంది, నేను ఒక్కసారీ వినలేదు. ఇనుము వేడెక్కేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

మళ్లీ బొట్టు పెట్టాను, ఈసారి కాస్త పక్కకి. మీరు బొట్లు పెట్టిన మెషీన్లు కూడా ఒకసారి తుడిచి చూడండి, కింద ఏం దొరికిందో నాకూ చెప్పండి.