దారిలో చిక్కుకున్న ‘ఆయ్’

రాజోలులో ఇంటర్నెట్ గంటల లెక్కన అద్దెకు దొరికే ఆ రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో లేదని నా గట్టి నమ్మకం. గ్రంథాలయంలో ఉన్న రెండు కంప్యూటర్ పుస్తకాలనీ అట్టలు ఊడేదాకా చదివాను మరి. ఆ అర్హతతోనే బాబాయిగారి నెట్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఎలకలు వైర్లు కొరికేస్తున్నాయని ఆయన ఐదు కంప్యూటర్లకీ కలిపి ఒకే వైర్‌లెస్ పెట్టె బిగించారు. గాలి ఒకటే, వాడేవాళ్లు ఐదుగురు. అందుకే నెట్ నెమ్మదించినప్పుడల్లా ఎవరో ఒకరు ఎక్కువ తినేస్తున్నారని నా అనుమానం. అది ఎప్పుడూ మూలసీటు టై మాస్టారి మీదికే పోయేది (నడివేసవిలో టై కట్టుకొచ్చే మనిషిని ఎలా నమ్మడం?).

ఒక మధ్యాహ్నం మస్కట్ వదినగారు (భర్త అక్కడ పనిచేస్తున్నందుకు మేం పెట్టుకున్న పేరు) హెడ్‌ఫోన్ పాడైతే స్పీకర్‌లోనే ఆయనతో మాట్లాడుతున్నారు. ఒక మాట వెంటనే చేరుతోంది, ఇంకోటి పది అంకెలు లెక్కపెట్టినా చేరడం లేదు.

“అమ్మకి బాగుందా?” అన్నారాయన.

“ఆయ్” అన్నారు వదినగారు. (మా వైపు ‘అవునండి’, ‘అలాగేనండి’ అన్నీ ఆ ఒక్క మాటలోనే.)

అది దారిలో ఉండగానే ఆయన, “పలకవేంటి? నేను సెలవు పెట్టి రావడం ఇష్టం లేదా?” అన్నారు. సరిగ్గా అప్పుడు చేరినట్టుంది మన ‘ఆయ్’.

“ఆయ్ అంటావా! అయితే రాన్లే. టిక్కెట్టు తియ్యను!”

“అయ్యో, అది కాదం...” ఆవిడ మాట తెగిపోయింది. కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని, “బాబూ, ఏదోటి చెయ్యవా? ఆయనొచ్చి రెండేళ్లయింది” అన్నారు.

నేరుగా వెళ్లి మాస్టారి వెనక నిలబడ్డాను. “ఏం డౌన్‌లోడ్ చేస్తున్నారండీ?”

“డౌన్‌లోడేంటండీ? మా అమ్మాయి రిజల్టు. అరగంట నుంచి పేజీయే రావట్లేదండి.”

“అందరూ అలాగే అంటారు లెండి” అని ఆయన కనెక్షన్ కట్ చేసేశాను. మిగతావాళ్లవీ ఆపించాను. అయినా మస్కట్ మాట ముక్కలుగానే వస్తోంది.

బాబాయిగారు కౌంటర్ మీదికి వంగి, “ఏరా, నీ కంప్యూటర్లో ఈ నీలంగీత ఏంటి, పాకుతోంది?” అన్నారు.

అది నా డౌన్‌లోడే. పొద్దున్న పెట్టి మరచిపోయాను. ఒకే వైర్‌లెస్‌ని పదిమందీ సమానంగా ఎలా పంచుకోవాలో చెప్పే పాఠాల వీడియోలు, మొత్తం పన్నెండు! గోదావరి రేవులో ఏరు దాటించే పంటు నిండా నా లారీలు ఎక్కించేసి, ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ వదినగారి చిన్న మాటల్ని తర్వాతి ట్రిప్పుకి ఆపేస్తున్నది నేనే. గబుక్కున ఆపేశాను.

“ఆ ఆయ్ అత్తయ్యగారి గురించండీ! మీరు రావాలండీ!” అన్న వదినగారి కేక సెంటరంతా మోగింది.

అవతలి నవ్వు ఆలస్యం లేకుండా వచ్చింది. “వస్తానే బాబూ, అరవకు.”

“మరి మాస్టారికి ఏం చెబుతావురా?” అన్నారు బాబాయిగారు. తిరిగి చూస్తే మూలసీటు ఖాళీ. ఆయన మళ్లీ మా సెంటరుకి రాలేదు. ఆ అమ్మాయి పాసయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో నెట్ నెమ్మదిస్తే ఎవరినీ ఏమీ అనను, ముందు నా ఫోనే తీసి చూసుకుంటాను. మా ఆవిడ అది నా మంచితనం అనుకుంటుంది.