ఘాట్ రోడ్డులో పెద్దనాన్న బండి

మా పెద్దనాన్న లారీ డ్రైవరు. ఆయన్ని ఎవరైనా 'మాజీ డ్రైవరు' అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎడమ కాలు పట్టు తప్పి, క్లచ్ తొక్కలేక ఇంట్లో కూర్చున్నాడు గానీ, ఆయన్లోంచి డ్రైవింగ్ ఎక్కడికి పోతుంది?

చిన్నప్పుడు నా సెలవులన్నీ వాళ్ళింట్లోనే గడిచేవి. ముందు గదిలో పెద్దమ్మ కుట్టుమిషన్ తొక్కుతూ ఉండేది. ఆ చప్పుడు వింటూనే నిద్ర పోయేదాన్ని, వింటూనే లేచేదాన్ని. వీధి మలుపులో లారీ హారన్ ఒక్కసారి మోగగానే మిషన్ టక్కున ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం వినబడిందంటే ఆయన వచ్చేశాడని అర్థం. చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి పరుగెత్తేదాన్ని.

లారీ లోపలంతా పెద్దమ్మ చేతి పనే. సీట్లకు చారల కవర్లు, కిటికీలకు కుచ్చుల పరదాలు, స్టీరింగుకు తొడుగు. ఇంట్లో సంగతి ఇక చెప్పనక్కర్లేదు. రేడియోకు కవరు, టీవీకి కవరు, ఫ్రిజ్‌కు కవరు, ఆఖరికి రిమోట్‌కు కూడా. చుట్టాలు వస్తున్నారంటే చాలు, వస్తువులు కొత్తగా కనబడాలని కవర్లన్నీ విప్పేసేది. వాళ్ళు గడప దాటగానే మళ్ళీ తొడిగేది. "నేను కాస్త కదలకుండా కూర్చుంటే నాకూ కొలతలు తీసేలా ఉంది మీ పెద్దమ్మ" అని ఆయన ఏడిపించేవాడు.

ఒకటి రెండుసార్లు నన్నూ లారీలో తీసుకెళ్ళాడు. ఘాట్ రోడ్డులో సగం ఎక్కాక బండి పక్కకు ఆపి, మా ఇద్దరి మధ్య ఉన్న ఇంజన్ మూత ఎత్తేవాడు. వేడి గుప్పుమని మొహానికి కొట్టేది. "దానికీ ఊపిరాడాలి కదే" అనేవాడు. కింద లోయలో పొగమంచు, పక్కన ఆయన కూనిరాగం. ఆ రోజులు మళ్ళీ రమ్మంటే వస్తాయా!

కాలు దెబ్బతిన్నాక ఆయన కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. అడిగితే తప్ప మాట లేదు. కొన్నాళ్ళకు పెద్దమ్మ కూడా మిషన్ మీద పాత దుప్పటి కప్పేసింది. కళ్ళు ఆనడం లేదంది, కుట్టించుకునేవాళ్ళు మాత్రం ఎవరున్నారంది. అంత సందడి ఇల్లు అలా మూగబోయింది.

నాకు కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు ఉంది. ఒకరోజు బుద్ధి పుట్టి, మంచి గ్రాఫిక్స్ కార్డు వేసి ఆయన కోసం ఒకటి నా చేత్తో బిగించాను. దానికి స్టీరింగు, పెడల్స్ తగిలించి లారీ నడిపే గేమ్ ఎక్కించాను. క్లచ్‌తో పని లేదు. మొదటిరోజు పెద్దనాన్న స్టీరింగు ముందు కూర్చుని, అలవాటుగా పక్క అద్దం సర్దడానికి చెయ్యి చాపాడు. అక్కడ అద్దమెక్కడిది? మా వైపు చూసి పకపకా నవ్వేశాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొద్దిరోజులకే ఫోను. "అమ్మాయ్, ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తెర నల్లబడిపోతోందే."

లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయట, బొమ్మ మాత్రం లేదట. వస్తున్నానని చెప్పి వెళ్ళాను. నేను చూస్తుండగా గంటసేపు నడిపాడు, నిక్షేపంగా నడిచింది. తిరిగి వచ్చానో లేదో మళ్ళీ ఫోను. తెర కేబుల్ మార్చాను. కరెంటు సరఫరా చేసే డబ్బా మార్చాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. షాపుకు తెచ్చి రోజంతా ఘాట్ రోడ్డే ఎక్కించాను. వేడి కొలిచాను, మామూలుగానే ఉంది. షాపులో బుద్ధిమంతుడు, ఇంటికి పంపగానే గుడ్డివాడు! దాన్ని ఎత్తి వీధిలో విసిరేయాలన్నంత కోపం వచ్చింది.

ఆఖరికి పెద్దనాన్నే ఫోను చేసి, "ఇంక వదిలెయ్యమ్మా. నాకూ ఓపిక లేదు. పట్టుకుపో" అన్నాడు.

అది నా షాపుకు వచ్చేస్తే ఆయన మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి వెళ్ళిపోతాడు. ఈసారి వెళ్తే ఇక లేవడు. ఆ భయంతో షట్టరు దించేసి, ఫోనైనా చెయ్యకుండా బయల్దేరాను.

తలుపు తీసే ఉంది. పెద్దనాన్న స్టీరింగు ముందు ఉన్నాడు, పక్కన కంప్యూటరు పెట్టె. దాని మీద నీలం రంగు కవరు! లోపల దళసరి అస్తరు, అంచుకు తెల్ల పైపింగు, బటన్ నొక్కడానికి ఒక చిన్న రెక్క, వెనక వైర్ల కోసం ఒక చీలిక. పెట్టెకు గాలి ఆడే దారులన్నీ ముచ్చటగా మూసి కుట్టింది. మిషన్ మూసేసిన మనిషి దీనికి కుడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నన్ను చూసి పెద్దమ్మ గాభరాగా వచ్చి కవరు లాగబోయింది. "చెప్పకుండా వచ్చావేంటే? ఎప్పుడూ నువ్వొచ్చేలోపు తీసేసేదాన్ని."

"నేను చుట్టాన్నా పెద్దమ్మా, నా కోసం తియ్యడానికి?"

"ఎవరొచ్చినా తీస్తాం కదా! నడిచేటప్పుడే కదే దుమ్ము పీల్చుకునేది, అందుకని నడిచేటప్పుడూ ఉంచుతున్నా. ఫ్రిజ్ కవరుతోనే నడవట్లేదూ?"

పెట్టె మీద చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. తెర నల్లబడేది ఈ వేడికేనన్నమాట! గట్టిగా అడిగేద్దామని నోరు తెరిచాను. పెద్దమ్మ వెనక నుంచి పెద్దనాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళింది.

"మీ పెద్దమ్మకు చెప్పకు" అన్నాడు చిన్నగా.

"మీకు తెలుసా?"

"ఇంజన్ పక్కన బతుకంతా కూర్చున్నా. వేడెక్కితే తెలీదా?"

"మరి నన్నెందుకు పెద్దనాన్నా ఇన్నిసార్లు తిప్పారు? మీకేమైనా న్యాయంగా ఉందా?"

"మొదట్లో తెలీలేదే, తెరలోనే ఏదో ఉందనుకున్నా. మొన్న పైన చెయ్యి పెడితే తెలిసింది. తెలిశాకే పట్టుకుపొమ్మన్నా." కవరు తెల్ల అంచు మీద వేలు రాశాడు. "ఈ కవరు కుట్టిన రెండు రోజులూ ఈ ఇంట్లో మిషన్ చప్పుడు విన్నా. ఎన్నాళ్ళకో విన్నా. పనికిరాదని చెప్తే ఇక ఆ దుప్పటి ఎప్పటికీ తియ్యదు. ఆ ఘాట్ రోడ్డు ఎక్కకపోతే నాకేం పోయింది?"

తల తిప్పితే గుమ్మంలో పెద్దమ్మ, చేతిలో గ్లాసు. అంతా వినేసింది.

"ఏమండీ! పెళ్ళయిన కొత్తలో మీ ఇంజన్ మూత మీదికి పరుపు కుట్టి ఇస్తే, బండికి ఊపిరాడట్లేదని నడిరోడ్డులో పీకి నా ఒళ్ళో పడేశారే! అప్పుడు లేని మొహమాటం ఇప్పుడెక్కడ నుంచి ఊడిపడింది?"

పెద్దనాన్న స్టీరింగు వైపే చూస్తూ అన్నాడు. "అప్పుడు పారేస్తే ఇంకోటి కుట్టేదానివి."

పెద్దమ్మ గ్లాసు నా చేతిలో పెట్టింది. కవరు విప్పి తీసింది. మిషన్ మీది దుప్పటి లాగి అవతల పారేసి, దారం రీలు నా ముందుకు చాపింది. "దారం ఎక్కించు. చూస్తూ నిలబడతావేం? గాలి ఎటు నుంచి పోతుందో, ఎటు నుంచి వస్తుందో గీత గీసి చూపించు. అక్కడంతా వల గుడ్డ వేస్తా."

సుద్దతో గీసి చూపించాను.

ముందు గదిలో మిషన్ మొదలైంది. ఇటు పెద్దనాన్న బండి తీశాడు. కవరు లేని పెట్టె హాయిగా ఊదుతోంది. ఎప్పుడూ నల్లబడే మలుపు వచ్చింది, దాటింది. ఆయన కూనిరాగం తీస్తున్నాడు, అదే పాత రాగం. నేను ఆయన పక్కన కూర్చున్నాను. కొండ పైకి చేరగానే ఆయన వేలు స్టీరింగు మీది బటన్ నొక్కింది. హారన్ ఒక్కసారి మోగింది.

ముందు గదిలో మిషన్ టక్కున ఆగిపోయింది.

కాసేపటికి పెద్దమ్మ గొంతు వినిపించింది. "విన్నాలెండి! దిగేటప్పుడు కాస్త మెల్లగా పోనివ్వండి."