గాలిమోటారు బిళ్ల

ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ, కోపమొస్తే ఉర్దూ: అదీ మా కుటుంబం. మా నాయన బోయిగూడలో దర్జీ. పెళ్లాం పిల్లలకంటే ఆయనకు ముద్దొచ్చేది ఒక వెండి బిళ్ల. ఒకవైపు ఇంగ్లీషు రాజుగారి తల, ఇంకోవైపు గాలిమోటారు, అదే విమానం. యుద్ధం గెలిచిన గుర్తుగా వేసిందట. కోటు బాగా కుదిరిందని మురిసిపోయి దండులోని దొర ఒకాయన ఇచ్చాడు. ఏ దుకాణంలోనూ చెల్లదు. అయినా వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. రెక్క కింద బాంబుందని ఆయన, కాదు అది గీత అని అమ్మ. ఈ కొట్లాట వారానికోసారైనా జరగాల్సిందే.

నిజాం రాజ్యం మీదికి ఇండియా సైన్యం వచ్చింది, పోలీస్ యాక్షన్ అయింది. మా గల్లీలో పెద్దగా ఏమీ కాలేదు. ఆడవాళ్లంతా మంచాల కింద దూరి, మళ్లీ బయటికొచ్చి పొయ్యి అంటించారు. కానీ అక్కను ఇచ్చింది బీదర్ పక్క ఊరికి. అక్కడ మావాళ్ల ఇళ్లమీద పడుతున్నారని కబురొచ్చింది. అక్కనూ బావనూ తీసుకొస్తానని నాయన బయలుదేరాడు.

మాలో ప్రయాణమయ్యేవాళ్ల కుడిచేతికి నాణెం గుడ్డలో చుట్టి కడతారు. ఇమామ్ జామిన్ అంటారు. క్షేమంగా ఇల్లు చేరాక విప్పి బీదవాళ్లకు ఇచ్చేయాలి. అమ్మ ఏం చేసిందనుకున్నారు? ఆ బిళ్లే తీసి కట్టింది!

"ఏందే గిది? నెత్తిమీద గాలిమోటర్లు తిరుగుతుంటే చేతికి గాలిమోటర్ కడ్తవా?"

"నీ పానం నువ్వు సూస్కోవు. గా బిళ్లనైతే కండ్లల్ల పెట్టుకొని సూస్కుంటవ్. పో."

పోయాడు, వచ్చాడు. అక్క వచ్చింది, బావ రాలేదు. గొడవ మొదలైననాడు పొలాలవైపు పరుగెత్తాడట. ఆ తర్వాత చూసినవాళ్లు లేరు. అక్క గోడకానుకుని కూర్చుంది. ఏడవను కూడా ఏడవలేదు. నాకు ఏడుపుకంటే అదే భయమేసింది.

నాయన మాత్రం బిళ్ల విప్పడు.

"ఇంటికొచ్చినవ్ గదా, ఇప్పు. ఖైరాత్ ఇచ్చేద్దాం," అంది అమ్మ.

"సఫర్ ఇంకా అయిపోలే." ప్రయాణం ఇంకా ముగియలేదట!

"ముంగట కూసోని అన్నం మింగుతున్నవ్, ఇంకేం సఫరయ్యా?"

స్నానానికీ విప్పడు, నిద్రకీ విప్పడు. ఆ మూట మురికిపట్టి పుండుకు కట్టిన కట్టులా తయారైంది. మీ ఆయన చెయ్యి విరిగిందా అని పక్కింటావిడ పరామర్శకు కూడా వచ్చింది. అమ్మకు తల కొట్టేసినట్లయింది. ఆ పూట కంచం తీసుకెళ్లి అరుగుమీద పెట్టింది.

"ముసాఫిర్‌వి గదా, గీడనే తిను, గీడనే పండు!"

ఆయన నిజంగానే అరుగుమీద చతికిలబడి సుబ్బరంగా తినసాగాడు. సిగ్గూ శరమూ లేని మనిషి! నాకు నవ్వాగలేదు. అమ్మ నా నెత్తిన ఒకటి మొట్టి, బయటికి ఉరికి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ముష్టి బిళ్ల కోసం ఖైరాత్ సొమ్ము దాచుకుంటవా? అల్లా సూస్తలేడనుకున్నవా?"

నాయన చెయ్యి లాక్కోలేదు. లోపల అక్క ఉందని గొంతు తగ్గించాడు.

"ఇప్పినమంటే రావాల్సినోళ్లందరు వచ్చిండ్రని గదా. ఇద్దర్ని తెస్తనని పోయిన, ఒక్కదాన్నే తెచ్చిన. అల్లుడు రానీ, నా చేతులతోనే ఇచ్చేస్తా."

అక్క విననే వింది. వచ్చినప్పటినుంచి మొదటిసారి గొల్లుమంది. అమ్మ ఆ ముడిని ఇంకాస్త బిగించి, కంచం ఎత్తుకుని, "లోపలికి రా, అన్నం సల్లారిపోతది," అంది.

బావ రానేలేదు. నాయన పోయిననాడు, చివరి స్నానం చేయించే ముందు, ఆ ముడి అక్కే విప్పింది.