రమాకాంత్ సారు పామేరియన్ మోజు

అశోక్ నగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే రమాకాంత్‌కు తన మీద తనకు మంచి అభిప్రాయమే ఉండేది. సర్కారు ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు ఆయన దగ్గర టైపు లోయర్, హయ్యర్ పరీక్షలకు నేర్చుకునేవారు. ఒక్క అక్షరం తప్పు పడినా కాగితం మొత్తం మళ్లీ కొట్టించేవాడు. తొంభై నాలుగులో ఒక కుక్కపిల్ల కోసం తిరిగిన తిరుగుడులో ఆ మంచి అభిప్రాయం ఎట్లా కరిగిపోయిందో తర్వాత్తర్వాత ఆయనే నవ్వుతూ అందరికీ చెప్పుకునేవాడు.

ఆ ఏడు ఆయన భార్య విద్యావతికి కడుపు ఆపరేషన్ అయింది. పగలంతా చిక్కడపల్లిలో మేడ మీది రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. మాట తగ్గింది. నవ్వు అసలే పోయింది. ఒకనాడు తనంతట తనే అడిగింది.

"పూల కమలవ్వ ఇంట్ల కుక్క పిల్లలు పెట్టిందట. చిన్నగనే ఉంటయట. ఒకటి తెచ్చుకుందమా? నాకు తోడుంటది."

భార్య ఇన్నాళ్లకు నోరు తెరిచి ఏదో అడిగిందని సంబరపడాల్సింది పోయి, రమాకాంత్ విచారణకు బయలుదేరాడు. సందు మొదట్లో బుట్ట పెట్టుకుని పూలమ్మే కమలవ్వ చుట్టూ ఆడవాళ్లు బేరమాడుతున్నారు. ఈయన వాళ్ల వెనక నిలబడి, క్లాసులో అడిగినట్టు గొంతెత్తి అడిగాడు.

"కమలవ్వా, నీ కుక్కపిల్లలకు తండ్రెవరు?"

మల్లెలు మూర వేస్తున్న కమలవ్వ చెయ్యి ఆగిపోయింది. "తల్లి పామేరియన్ సారు. ఒక ఆఫీసరమ్మ బదిలీ అయి పోతా పోతా ఇచ్చింది. తండ్రి సంగతి నాకేమెరుక? నేనేమన్న లగ్గం చేసిన్నా?"

ఆడవాళ్లు నవ్వారు. రమాకాంత్ ఇంటికొచ్చి తీర్పు చెప్పాడు. "క్రాసు కుక్క మనకొద్దు. ఉంటే అసలు సిసలు పామేరియనే ఉండాలె. తెల్లగ, దూది లెక్క. నలుగురు చూస్తే గౌరవం."

విద్యావతి గోడ వైపు తిరిగి పడుకుంది.

నారాయణగూడలో ప్రభావతి అనే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ మేలుజాతి పామేరియన్లను పెంచుతుందని ఎవరో చెప్పారు. ఆదివారం సఫారీ సూటు తొడుక్కుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వెళ్లాడు. కుక్కను కొనడానికి రెండు పెన్నులెందుకో ఆయనకే తెలియదు. పరీక్ష పెట్టేది తానేనన్న ధీమా మాత్రం ఉంది. ప్రభావతి ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తనే మొదలుపెట్టింది.

"ఇంతకు ముందు కుక్కను పెంచిన్రా?"

"లేదు మేడం."

"రోజూ దువ్వాలె. ఎవరు దువ్వుతరు?"

"అది... చూసుకుంటం మేడం."

"ఇల్లెట్లుంటది?"

"మేడ మీద. రేకులు."

"ఎండకాలం?"

"ఫ్యాను ఉన్నది మేడం."

"కరెంటు?"

రమాకాంత్ జేబులోని పెన్నులు సర్దుకున్నాడు.

"సరే, అసలు పామేరియనే ఎందుకు కావాలె మీకు?"

భార్యకు తోడు కోసమని చెప్తే సరిపోయేది. ఆ ఒక్క మాట తప్ప ఇంకేదో నోటికొచ్చింది. "జాతిది ఉంటే ఇంటికి అందం కద మేడం."

"అందానికైతే పూలకుండీ పెట్టుకోండ్రి."

జారిపోతున్న పరువును పట్టుకుందామని, "మా తాత నిజాం కాలంల పెద్ద ఉద్యోగం చేసిండు మేడం," అనేశాడు. ఆ తాత చేసింది కాచిగూడ స్టేషన్‌లో టికెట్లకు చిల్లులు కొట్టడం.

"మీ తాత వచ్చి దువ్వుతడా?"

ఇంతలో దూది ఉండ లాంటి పిల్ల ఒకటి వచ్చి ఆయన బూటు వాసన చూసి, తుమ్మి, వెళ్లిపోయింది. ప్రభావతి లేచి నిలబడింది. "ఏమనుకోకండ్రి. అంత బొచ్చున్నదాన్ని రేకుల కింద మాడ్చలేను. బొచ్చు తక్కువున్నది, ఎండకు ఓర్చుకునేది చూసుకోండ్రి. మీకు క్రాసే నయం."

పిల్లలు ఫెయిలై వస్తే శ్రద్ధ లేదని తిట్టే రమాకాంత్, ఆ రోజు వాళ్లలాగే తల వంచుకుని ఇల్లు చేరాడు.

"ఏమైందండీ?" అంది విద్యావతి.

"నాకే నచ్చలే. చెవులు సరిగ్గ లెవ్వు."

మర్నాడు పొద్దున్నే కమలవ్వ ముందు నిలబడ్డాడు. ఈసారి గొంతు బాగా తగ్గించాడు.

"ఒక్కటే మిగిలింది సారు. గాని నీకియ్య," అంది కమలవ్వ. "నలుగురి ముంగట దాని తండ్రిని అడిగితివి. ఇంటికి తీస్కపోయి గూడ గదే అడుగుతవు. అమ్మను తోలుకరా. ఆమెకైతే ఇస్త."

ఆపరేషన్ తర్వాత మొదటిసారి విద్యావతి గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. కమలవ్వ ఇంటి గడప మీద విద్యావతి కూర్చోగానే పిల్ల తడబడుకుంటూ వచ్చి ఆమె ఒళ్లోకి ఎక్కి నిద్రపోయింది. కందిపప్పు రంగు ఒళ్లు, నల్ల మూతి, ఒక చెవి నిక్కి ఉంటే ఒకటి వాలి ఉంది. రమాకాంత్ 'ప్రిన్స్' అని పేరు పెడదామన్నాడు. "అటుకులు, పల్లీలు, పుట్నాలు కలిపినట్టున్నది. చుడువ అందాం," అంది విద్యావతి. అదే ఖాయమైంది.

అయినా ఆయన మోజు పోలేదు. ఒక సాయంత్రం ముగ్గురూ బాగ్ లింగంపల్లి వైపు నడుస్తుంటే పాత స్నేహితుడు రాఘవేందర్ ఎదురై, "ఏం జాతి భాయ్ ఇది?" అన్నాడు.

"స్విట్జర్లాండ్‌ది," అన్నాడు రమాకాంత్ తడుముకోకుండా. "అక్కడ మంచు కొండలల్ల ఉంటయి."

సరిగ్గా అప్పుడే చుడువ చెత్తకుప్పలోంచి నూనె కాగితం లాగి, అందులోని మిర్చి బజ్జీ ముక్కను నమలడం మొదలుపెట్టింది.

"మంచు కొండలల్ల మిర్చి బజ్జీ గూడ దొరుకుతదా?" అన్నాడు రాఘవేందర్.

విద్యావతి నవ్వింది. నడిరోడ్డు మీద కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. "విద్యా, జర మెల్లగ, కుట్లు!" అని రమాకాంత్ పరేషానైతే ఇంకా నవ్వింది. ఆఖరికి తన అబద్ధానికి తనకే నవ్వాగక ఆయన కరెంటు స్తంభానికి ఆనుకున్నాడు. ఎన్ని నెలలైందో ఆమె అట్లా నవ్వి.

ఆ తర్వాత నడకకు విద్యావతి ఆయన కోసం ఎదురుచూడటం మానేసింది. ఆయన ఇన్‌స్టిట్యూట్ మూసి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉండేది. చెప్పులైనా విప్పకుండా ఆయన వాళ్లిద్దర్నీ వెతుక్కుంటూ పోయేవాడు.