నాంపల్లిలో పన్నెండో నంబరు మంచం

మా తాండూరు బస్టాండులో బెంచీల మీద పడుకునే ఆడవాళ్ల కోసం ఒక షెల్టర్ పెట్టాలని మేము నలుగురం అనుకుని ఏడాది దాటింది. నలుగురమూ రిటైరైన వాళ్లమే. నేను తపాలా ఆఫీసులో, మిగతా ముగ్గురూ బడుల్లో టీచర్లుగా పనిచేశాం. ఆ బస్టాండు ఆడవాళ్లు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో కూలికి వచ్చి, కిరాయికి గది దొరక్క అక్కడే ఉండిపోయినవాళ్లు. ఇల్లు మేం చూసుకోగలం గానీ వంటకీ కరెంటుకీ కాపలాకీ సర్కారు గ్రాంటు లేకపోతే ఆరు నెలలు కూడా నడపలేరని తెలిసినవాళ్లు చెప్పారు. నాంపల్లిలో ఒక సంస్థ అలాంటి గ్రాంటుతోనే ఆడవాళ్ల షెల్టర్ నడుపుతోందని, వచ్చే మంగళవారం అక్కడ తనిఖీ కూడా ఉందని, వెళ్లి చూసి నేర్చుకొమ్మని అన్నారు. మీలో ఎవరైనా ఇదే పని మీద వెళ్తారేమోనని ఇది రాస్తున్నాను. నా మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. రాత కాస్త కరుగ్గా ఉంటే సర్దుకోండి.

పొద్దున ఆరు దాటాక తాండూరులో రైలెక్కితే ఎనిమిదిన్నరకల్లా నాంపల్లిలో దిగవచ్చు. జనరల్ టికెట్ యాభై రూపాయలకు మించదు, వికారాబాద్ దాటాక మాత్రం కాలు కదపడానికి చోటుండదు. స్టేషన్ బయట ఆటో అతను షెల్టర్ ఉన్న గల్లీకి ఎనభై అడిగాడు. గల్లీ పేరు రెండోసారి చెప్పేసరికి నవ్వి, "గీడనే ఉంది కదమ్మా, నడుస్తే పది నిమిషాలు" అన్నాడు. మొదటే చెప్పొచ్చు కదా అని మనసులో తిట్టుకుని నడిచాను. మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటడమే కష్టం, తర్వాత అంతా నీడే.

షెల్టర్ మేడ మీద ఉంది. ఒక పొడుగాటి హాలు, ఇరవై ఇనప మంచాలు, గోడకి నంబర్లు. నడిపే ప్రమీల నలభై ఏళ్ల మనిషి, మాట మెత్తన. నేను వెళ్లేసరికి తొమ్మిది కావస్తోంది. ఇరవై మంది ఆడవాళ్లూ మంచాల మీద కూర్చుని ఉన్నారు. పనుల్లోకి వెళ్లరా అని అడిగాను. రోజూ ఏడింటికే హాలు ఖాళీ అవుతుందట. ఇళ్లల్లో పాచిపని, హోటళ్లలో వంటపని, దవాఖానలో ఊడ్చే పని. నిరుడు తనిఖీకి వచ్చిన అధికారి పదకొండింటికి వచ్చాడు. ముగ్గురే కనిపించారు, ఒకామె జ్వరంతో, ఇద్దరు ముసలివాళ్లు. షెల్టర్‌కి పెద్దగా అవసరం లేదని రాసి వెళ్లాడు. గ్రాంటు సగం కోసేశారు. రాత్రి పూట రమ్మని ప్రమీల రెండు ఉత్తరాలు రాసింది. తనిఖీలు ఆఫీసు వేళల్లోనే జరుగుతాయని జవాబు వచ్చింది. అందుకే ఈసారి అందర్నీ పని మానుకుని మంచాల మీద ఉండమని బతిమాలుకుంది. ఇల్లు లేనివాళ్లు పట్టపగలు పడుకుని కనిపిస్తే తప్ప ఇల్లు లేనట్టు కాదన్నమాట. ముప్ఫై రెండేళ్లు సర్కారు కొలువు చేసిన నాకు కూడా ఒళ్లు మండింది.

పన్నెండో నంబరు మంచం మీద సత్తెమ్మ ఉంది. నా యాస విని తనే పలకరించింది, వాళ్లది కొడంగల్ దిక్కట. ఆబిడ్స్‌లో ఒక టిఫిన్ సెంటర్‌లో రెండేళ్లుగా పూరీలు చేస్తోంది. నెలాఖరుకి చాదర్‌ఘాట్‌లో గది తీసుకుంటోంది. గది మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది, పక్క మంచాలవాళ్లు వింటే దిష్టి తగులుతుందేమో అన్నట్టు. అడ్వాన్సు కూడబెట్టుకుంది. ఇక మిగిలింది ఆ గది ఇంటావిడకి టిఫిన్ సెంటర్ సేటు ఫోన్లో ఒక మాట చెప్పడమే, ఈమె మా దగ్గర పనిచేస్తుంది, మంచి మనిషి అని. ఈరోజు పనికి వెళ్లలేదు, సేటు ఫోన్ ఎత్తడం లేదు. అదే ఆమె దిగులు. నేను ఆబిడ్స్ వైపు టిఫిన్‌కి వెళ్తున్నాను, చెప్పి వస్తానన్నాను.

"జరమొచ్చిందని చెప్పు అమ్మా. గంతే. ఇంకేం చెప్పకు" అంది.

నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కి నడక ఇరవై నిమిషాలు. టిఫిన్ సెంటర్ పెద్ద రోడ్డు మీద కాదు, బట్టల దుకాణాల వెనక సందులో. ప్లేటు పూరీ నలభై ఐదు, చాయ్ పదిహేను. ఆరోజు పూరీలు మాడాయి. సేటు యాభై ఏళ్ల మనిషి, గల్లా దగ్గర కూర్చుని చికాకుగా ఉన్నాడు. నాకు అబద్ధం ఎందుకనిపించింది. సర్కారు పథకం, దానికి తనిఖీ, ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది, చెబితే ఆయనే గౌరవిస్తాడనుకున్నాను. అంతా చెప్పాను, షెల్టర్ ఏ గల్లీలో ఉందో కూడా.

ఆయన నోట్లు సర్దడం ఆపాడు. "షెల్టర్ల ఉంటదా? చాదర్‌ఘాట్‌ల చిన్నమ్మ ఇంట్ల ఉంటున్న అని చెప్పింది నాకు" అన్నాడు. నేను ఆమె ఎంత మంచిదో చెప్పబోయాను. ఆయన అరవలేదు, ఆమెను ఒక్క మాట తిట్టలేదు. "మీరు చదువుకున్నోళ్లు మేడం, మీకు గిట్ల ఏం అనిపియ్యదు. గిరాకీకి తెలిస్తే నా దుకాణం నడవదు. రేపటి సంది రావద్దని చెప్పున్రి."

టిఫిన్ డబ్బులు కూడా తీసుకోలేదు. అది నన్ను ఇంకా చంపింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరి చిరునామా ఎవరడిగినా చెప్పిన మనిషిని కాదు. రిటైరయ్యాక, ఒక పూరీ ప్లేటు ముందు కూర్చుని, అడగకుండానే చెప్పేశాను.

తిరిగి వెళ్లి సత్తెమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాను. దాచే ధైర్యం కూడా లేదు. ఆమె దుప్పటి అంచు మడతపెట్టింది. "జరమని చెప్పమన్న కదమ్మా" అంది, అంతే. నేను మళ్లీ వెళ్లి సేటు కాళ్లు పట్టుకుంటానన్నాను. వద్దు, ఇంకేం చెప్పొద్దంది.

పదకొండింటికి రావాల్సిన అధికారి మూడున్నరకి వచ్చాడు. మంచాల మధ్య నడిచి ఫోటోలు తీయించాడు. హాలు నిండుగా ఉందని మెచ్చుకున్నాడు. పన్నెండో మంచం దగ్గర ఆగి, ఇక్కడ బాగుందా అని అడిగాడు. ఔ సార్ అంది. ఎన్నాళ్లు ఉంటావమ్మా అని అడిగాడు. సత్తెమ్మ నా వైపు చూడలేదు.

"ఉంటనే ఉంట సార్" అంది.

ఆయన తృప్తిగా రాసుకున్నాడు. ఆయన వెళ్లాక ప్రమీల కళ్లు తుడుచుకుంది, ఈసారి గ్రాంటు పూర్తిగా వస్తుందని. ఆమెను ఏమనగలను? ఆ హాలు మూతపడితే ఇరవై మందీ ఫుట్‌పాత్ మీదే.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది, ఎప్పుడూ దొరకదు. దారంతా ఒకటే ఆలోచన. ఇల్లు లేనివాళ్లు ఇంటికి చేరాలని డబ్బిస్తున్నారు. ఆ డబ్బు రావడానికి, చేరబోతున్న మనిషిని వెనక్కి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. ఆఫీసు ఒక చేయి వేసింది, ప్రమీల ఒక చేయి వేసింది, పని పూర్తి చేసింది నేను. నిజం చెప్పానన్న గర్వం నాకు మిగిలింది, గది ఆమెకు పోయింది. తాండూరులో షెల్టర్ పెడతామా అంటే పెడతాం, దరఖాస్తు రాస్తున్నాం. తనిఖీ రాత్రి ఎనిమిది తర్వాతే జరగాలని మొదటి పేజీలోనే అడుగుతున్నాం, ఒప్పుకుంటారన్న ఆశ లేకపోయినా.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. నాంపల్లిలో దిగాక ఆటో ఎక్కకండి, అన్నీ నడిచే దూరమే. అక్కడ ఎవరైనా తన తరఫున ఒక మాట చెప్పి రమ్మంటే, ఆ మాటే చెప్పి రండి. జ్వరమని చెప్పమంటే జ్వరమనే చెప్పండి.